ఆవగింజలో సూర్యాగ్ని



చిన్ననాట మే మొక వేడుక చేసెడివారము. గాజుగ్లాసును అంచుదాక నీటితో నింపి, దళసరి కాగితము మూసి, తలక్రిందు చేసెడివారము. నీరు నిలిచెడిది. కాగితము లాగినంతనే జాఱిపోయెడిది. నీటిని మోయునది గాలి యొత్తిడి యని పిమ్మట చదువుకొంటిని. ఆ యొత్తిడి పదిమీటర్ల నీటినైనను మోయగలదు. మఱి గ్లాసెడు నీ రేల నిలువలేదు? బలము చాలక కాదు. కాగితము పోగానే నీటి యడుగుతలము చలించును. గుంట పడినచోట గాలి బుడగయై పైకెక్కును. ఉబ్బినచోట నీరు ధారయై దిగును.

ఈ ధర్మమును 1883లో రేలీ ప్రభువు గణితముచే నిరూపించెను. తేలిక ద్రవము బరువైనదానిని అంతకంతకు వేగము హెచ్చునట్లు త్రోసినప్పుడును ఇట్లే జరుగునని 1950లో టేలర్ పండితుడు చూపెను.

సూర్యునిలోని కేంద్రక సంలీనమును భూమిపై లేసరులతో సాధింపబూనినవారికి ఇదియొక పెద్ద యడ్డు. కాలిఫోర్నియాలోని లివర్మోర్ ప్రయోగశాలలో 192 లేసరు కిరణములను చిన్న లోహపు గొట్టములోనికి పంపుదురు. అందు పుట్టిన ఎక్స్-కిరణములు ఆవగింజంత గోళిపై పడి, దాని పైపొరను ఆవిరిగా వెలికి చిమ్మును. ఆ తాకిడిచే గోళి లోనికి నలుగును. లోపల డ్యుటీరియము, ట్రిటియము మంచువలె గడ్డకట్టియుండును. ఇచ్చట తేలికయైన ఆవిరి బరువైన పొరను త్రోయుచున్నది. మా గ్లాసులోని గాలియు నీరును ఇవియే. గోళిపై కంటికానని గుంట యున్నను, ఇంధనము నింపెడి సన్నని గొట్టమే యైనను చాలును. ముడుత పెరిగి, గోళి పదార్థము లోపలి వేడి యింధనములో కలసి దానిని చల్లార్చును.

2009లో ఆ కిరణాలయము సిద్ధమైనను, 2012 ముగియునాటికి జ్వలనము లభింపలేదు. గణనయంత్రములు చూపిన ఫలమునకును ప్రయోగఫలమునకును పొంతన కుదరలేదు. పిమ్మట శాస్త్రజ్ఞులు మొదటి తాకిడిని బలపఱచిరి. ఇంధనము కొంత తక్కువగా నలిగినను ముడుతల పెరుగుదల తగ్గెను. గోళులను వజ్రముతో చేసి, లోపములను వెదకి, నునుపును పెంచిరి. లేసరు శక్తియు కొంత హెచ్చెను. తుదకు 2022 డిసెంబరు 5న 2.05 మెగాజౌళ్ల లేసరు శక్తి గొట్టమున ప్రవేశింపగా, 3.15 మెగాజౌళ్ల సంలీనశక్తి వెలువడెను.

ఐనను తొందరపడరాదు. ఆ కిరణములను పుట్టించుటకే సుమారు 300 మెగాజౌళ్ల విద్యుత్తు వ్యయమైనది. మన యిండ్లలో ఆ దీపము వెలుగుటకు చాల దూర మున్నది. కాని నాటి వేడుకలో మమ్ము చిక్కుపఱచిన ప్రశ్నయే ఇంత పెద్ద ప్రయత్నమునకును మూలమున నున్నది. రేపు మీ పిల్లలు గ్లాసు తలక్రిందు చేసి నేల తడిపినచో, కోపింపక, నీ రేల జాఱెనో అడిగి చూడుడు.