పట్టణములయందు ఇన్‌ఫ్లూయెంజా జ్వరము: ఋతువుల వరుస



ఇన్‌ఫ్లూయెంజా చలికాలపు వ్యాధియనుట శీతలదేశములకు తగియున్నది. భారతదేశపు పట్టణములకు ఆ మాట సగమే సరిపడును. శ్రీనగరమున ఈ జ్వరము జనవరి మొదలు మార్చి వరకు ప్రబలును. ఢిల్లీలో వానకాలమున నొకసారియు, చలికాలమున మరియొకసారియు తలయెత్తును. పూనాలో నైరృతి వానల కాలమున హెచ్చును. చెన్నపట్టణమున అక్టోబరు, నవంబరు నెలలలో ఈశాన్యపు వానలతో హెచ్చుటయు కనబడినది. వాన పడునప్పుడు జనులు తలుపులు మూసికొని యొక్క గదిలో కూడియుందురు. వేసవి సెలవుల పిమ్మట పాఠశాలలు తెరువబడునదియు ఆ కాలముననే.

తొలి విడత స్వల్పముగా నున్నంతమాత్రమున అధికారులు నిశ్చింతగా నుండరాదు. బొంబాయిలో 1918వ సంవత్సరము జూను 10వ తేదీన ఏడుగురు పోలీసు సిపాయిలు జ్వరముతో ఆసుపత్రిలో చేరిరి. వారిలో నొకడు రేవులో కావలియుండువాడు. కొలది దినములలో రేవు పనివారికిని, మిల్లు కూలీలకును, ఆఫీసు గుమాస్తాలకును జ్వరము సోకెను. అది జూలైలో తగ్గుముఖము పట్టెను. సెప్టెంబరులో మరల వచ్చినప్పుడు రోగము పేరొకటే గాని తీరు వేరు: అక్టోబరు 6వ తేదీన నొక్కదినముననే 768 మరణములు నమోదయ్యెను. ముసలివారిని, పసివారిని మాత్రమేగాక, ఇరువది మొదలు నలువది యేండ్ల ప్రాయముగల సంపాదనపరులను అది విశేషముగా బలిగొనెను.

నాటి లెక్కలలో నిమ్నజాతి హిందువులుగా చేర్చబడినవారిలో వేయింటికి 61 మందికి పైగా మరణించిరి. పారసీలలో 9 మంది, యూరోపియనులలో 8 మందికి పైగా. ఈ భేదము రక్తములోనిది గాదు. ఇంటివారందరును ఒకే గదిలో జ్వరముతో పడియున్నచో గ్రుక్కెడు నీళ్లిచ్చువాడెవడు?

ఋతువును నమ్ముకొనుటయు ప్రమాదమే. 2009వ సంవత్సరము మే నెలలో, మంచి యెండలలో, దేశమున క్రొత్త హెచ్‌1ఎన్‌1 జ్వరపు తొలి రోగి హైదరాబాదున గుర్తింపబడెను. ఆగస్టులో పూనా తల్లడిల్లెను. 2015లోనో, అదే జాతి జ్వరము జనవరి మొదలు మార్చి వరకు తెలంగాణముతోపాటు పెక్కు రాష్ట్రములను పీడించెను.

మరణముల రిజిష్టరు ఆలస్యముగా పలుకును. జ్వరము సోకిన కొన్ని దినములకు ఊపిరితిత్తుల వాపుచే రోగి చనిపోవును. రిజిష్టరులో తరచుగా ఇన్‌ఫ్లూయెంజా పేరే కానరాదు. అంతకుముందే చూడదగినవి ఆసుపత్రికి వచ్చు జ్వరరోగుల వారపు లెక్క, బడిపిల్లల హాజరుపట్టీ, పారిశుద్ధ్యపు పనివారి హాజరుపట్టీ. ఈ కడపటిదానిని చూచువారు అరుదు. అది ప్రతి ఉదయము మునిసిపలు ఆఫీసు బల్లమీదనే యుండును.

వానకాలమున జ్వరము హెచ్చు పట్టణములలో గర్భిణులకు, వృద్ధులకు, ఆసుపత్రి సిబ్బందికి టీకాలు వేయించుటకు ఏప్రిలు, మే నెలలు తగినవి. వైరసు మారుచుండుటచే నిరుటి టీకా ఈ యేటికి చాలదు. పట్టణమున జ్వరరోగుల లెక్క పెరిగిన వారమే ఆ సంగతి చుట్టుపట్ల తాలూకా కచ్చేరులకు చేరవలెను. రైలులోను బస్సులోను ఇండ్లకు మరలు కూలీలతో జ్వరమును ఆ వారమే బయలుదేరును.