ఇంటిలో కట్టిన విమానము

విమానమును కర్మాగారమే నిర్మింపవలెనా? అక్కరలేదనెను ఫ్రాన్సు దేశీయుడు హెన్రీ మిన్యే. 1933లో తాను కట్టిన చిన్న విమానమును ఎగురవేసి, మరుసటి యేట ఆ విధానమును గ్రంథముగా వెలువరించెను. కఱ్ఱ, గుడ్డ, జిగురు, ఒక చిన్న యింజను. కాలి మీటలు లేవు, చేతి కడ్డీ యొక్కటే. దాని పేరు ‘ఆకాశపు పేను’. పేరు ఇంపైనది కాదు గాని, ఫ్రాన్సు, ఇంగ్లండులలో పెక్కు గృహములు కార్ఖానాలైనవి. ఇంటివారును మిత్రులును చేయి కలిపిరి.

1935, 1936లలో కొన్ని ముక్కు దించి కూలినవి, నడపినవారు మరణించిరి. గాలి సొరంగమున నిలిపి పరీక్షింపగా కారణము తెలిసెను. రెండు రెక్కలును మిక్కిలి చేరువగా నుండుటచే, ముక్కు ఒక పరిమితిని మించి వంగినచో, కడ్డీని ఎంత లాగినను అది తిరిగి లేవదు. పనివాని చేతిలో లోపము లేదు. నిర్దుష్టముగా అతికిన విమానమును అట్లే కూలును. ఇంటిలోని ఏ కంటికిని అది కానరాదు.

మిన్యే తరువాతి నమూనాలలో రెక్కల అమరికను సవరించెను. ఆ జాతి విమానములను ఫ్రాన్సులో ఔత్సాహికులు నేటికిని ఇండ్లలో కట్టుచున్నారు.