పిల్లలతో అండమాన్ ఓడ ప్రయాణం
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా యాత్రానుభవం చెప్పమని కార్యదర్శిగారు కోరారు. కాశీ, తిరుపతి, షిరిడీల గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ హాలులో చాలామంది ఉన్నారు. అందుకని నేను 1995 జనవరిలో చేసిన ఓడ ప్రయాణం గురించి చెబుతాను. నేను, నా భార్య, ముగ్గురు పిల్లలు అండమాన్ దీవులకు వెళ్ళొచ్చాం. అప్పటికి పెద్దవాడికి తొమ్మిదేళ్ళు, నడిపివాడికి ఏడు, చిన్నపిల్లకు నాలుగు. మా ఆవిడ ఇక్కడే మూడో వరుసలో ఉన్నది. నేను తప్పు చెబితే లేచి దిద్దుతుంది.

అప్పుడు నేను శ్రీరాంపూర్ ఏరియాలోని ఒక భూగర్భ గనిలో మైనింగ్ సర్దారును. నస్పూర్ కాలనీలో క్వార్టరు. మూడు షిఫ్టుల మనిషి సంసారం ఎట్లుంటుందో మీకు చెప్పనక్కరలేదు. మొదటి షిఫ్టుకు పోయేనాటికి పిల్లలు లేవరు. రెండో షిఫ్టు దిగి వచ్చేసరికి నిద్రపోతారు. రాత్రి షిఫ్టయితే పగలంతా "బాపు పండుకున్నడు, సప్పుడు చెయ్యకుండ్రి" అని వాళ్ళమ్మ వాళ్ళను బయటికి తోలేది. ఒకనాడు మా చిన్నది పక్కింటామెతో "మా బాపు పండుకునే పని చేస్తడు" అన్నది. అందరితోపాటు నేనూ నవ్వాను. కాని ఆ రాత్రి బాయిలో ఆ మాటే చెవిలో మోగింది. మరో నాలుగేళ్ళు పోతే పిల్లలు పెద్దవాళ్ళయి నాతో రారనిపించింది.

మా ఆవిడ ఒప్పుకోలేదు. "మూడు దినాలు నీళ్ళ మీద, పసిపిల్లలతోనా? ఆ పైసలు పిల్ల పెండ్లికి దాస్తే కాదా?" అన్నది. ఆమె మాటలో తప్పేమీ లేదు. ఎల్.టి.సి. పైసలకు నేను చేసిన ప్లేడేల పైసలు కలిపితేగాని లెక్క సరిపోలేదు.

మద్రాసు నుంచి పోర్ట్‌బ్లేయర్‌కు దాదాపు 1,200 కిలోమీటర్లు. మూడు రోజుల ప్రయాణం. మాకు బంక్ క్లాసు దొరికింది. పొడుగాటి హాలు, ఒకదానిపై ఒకటి పడకలు. సామాను పెట్టగానే నేను బయటికి పోయే దారులు వెతికాను. గనికి రెండు దారులుండాలని చట్టం కదా, అలవాటు పోదు. సైరను మోగించి లైఫ్ జాకెట్లు వేసుకోవడం నేర్పినప్పుడు చాలామంది నవ్వుతూ చూశారు. నేను మాత్రం మా ముగ్గురికీ తొడిగించి, ముళ్ళు వేసి, విప్పి, మళ్ళీ వేయించాను. పిల్లల సైజు జాకెట్లు అడిగి తీసుకోవాలి. మనవలతో పడవెక్కేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి.

రెండో రోజు అందరికీ కడుపులో తిప్పింది. మా ఆవిడ లేవలేదు. సంక్రాంతికి చేసిన సకినాల డబ్బా తెరిచినవాళ్ళు లేరు. పిల్లలకే ముందు తగ్గింది. పడుకునేకంటే పైకి వచ్చి, దూరంగా ఆకాశం నీళ్ళు కలిసే గీతను చూస్తూ నిలబడితే నయం. ఎగిరే చేపలు గుంపుగా లేచి మళ్ళీ నీళ్ళలో పడుతుంటే నడిపివాడు పిచ్చుకలనుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం లెక్కపెడితే ఇద్దరే ఉన్నారు. చిన్నది లేదు.

షిఫ్టు చివర మనుషులను లెక్కపెట్టడమే నా ఉద్యోగం. లాంపు రూముకు ఒక్క దీపం తిరిగి రాలేదంటే లోపల మనిషి ఉన్నట్టే. అయితే బాయిలో వెతకడానికి నాలుగు గోడలైనా ఉంటాయి. ఇక్కడ కమ్ముల సందులోంచి చూస్తే కిందంతా నల్లటి నీళ్ళు. మెట్లు దిగాను, ఎక్కాను, వంటశాల దాకా పోయాను. ఇంతలో ఎవరో వచ్చి "మీ పాప గుంటకాడ తొంగుంది" అన్నారు. గుంట అనగానే మా ఆవిడ అక్కడే కూలబడింది. మనకు గుంట అంటే గొయ్యి, నీళ్ళ గుంట. శ్రీకాకుళం వైపు గుంటంటే ఆడపిల్ల. చివరి వరుసలో ఒక జాలరి కుటుంబం ఉన్నది. వాళ్ళ ముసలమ్మ ఒడిలో ఒకవైపు వాళ్ళ మనుమరాలు, రెండోవైపు మా పిల్ల నిద్రపోతున్నారు. "మా గుంటతో ఆడి ఆడి తొంగుంది బాబూ, లేపలేక ఉంచేసినాం" అన్నది ముసలమ్మ. నేను ఆమెతో ఒక్క మాట మాట్లాడలేకపోయాను.

వాళ్ళు పోర్ట్‌బ్లేయర్‌లో జంగ్లీఘాట్ వాసులు. ఉత్తరాంధ్ర జాలర్లు ఎందరో అక్కడ స్థిరపడ్డారు. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. మమ్మల్ని ఇంటికి పిలిచి చేపల పులుసు పెట్టారు.

సెల్యులార్ జైలు చూశాం. 1896లో మొదలై 1906లో పూర్తయిన కట్టడం. ఏడు వరుసల్లో మూడే మిగిలాయి. 1857లో హైదరాబాదు రెసిడెన్సీపై దాడి చేసిన మౌల్వీ అలాఉద్దీన్‌ను ఈ జైలు కట్టకముందే ఆ దీవులకు పంపారు. ఒక గదిలో నిలబడి పైనున్న చిన్న కిటికీ చూశాను. బాయిలో ఎనిమిది గంటలకైనా పైకి వస్తాం కదా అనిపించింది.

తరువాత సర్కారు పడవలో హేవ్‌లాక్ పోయాం. ఇప్పుడు దానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు. రాధానగర్ తీరాన తెల్లటి ఇసుకలో పిల్లలు గుంతలు తవ్వి "బాయి" అని ఆడారు. పెద్దవాడు సర్దారు, నేను ఫిల్లర్ని. అక్కడ అయిదున్నరకే పొద్దు గుంకుతుంది. చీకటి పడగానే చిన్నది నా చెయ్యి పట్టుకొని "బాపూ, ఇయ్యాల నీకు డ్యూటీ లేదా?" అని అడిగింది. లేదన్నాను. "రేపు?" రేపు కూడా లేదన్నాను.

2004 డిసెంబరు 26 ఆదివారం. ప్లేడే చేసి ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ, బిడ్డ టీవీ ముందు నుంచి కదలడం లేదు. సునామీ. అండమాన్, నికోబార్ పేర్లు వస్తున్నాయి. "ఆ గుంట ఎట్లున్నదో బాపూ" అన్నది బిడ్డ. ముసలమ్మ కొడుకు చిరునామా కాగితం మీద రాసిచ్చాడు. క్వార్టరు మారినప్పుడు అది ఎక్కడో పోయింది. ఒక ఉత్తరం కూడా రాయలేదు. పదేళ్ళలో నాకు తీరిక దొరకలేదంటే మీరు నమ్ముతారు గాని, మా ఆవిడ నమ్మదు.

నేను 2015లో రిటైరయ్యాను. పోర్ట్‌బ్లేయర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది. ఈ మధ్య మా బిడ్డ తన పిల్లలతో విమానంలో వెళ్ళింది. చెన్నై నుంచి రెండు గంటల పైచిలుకే. జంగ్లీఘాట్‌లో ఇల్లిల్లూ అడిగిందట. మాకు తెలిసిందల్లా ఆ పాప పేరు లక్ష్మి అనే. అక్కడ లక్ష్ములు వీధికి నలుగురున్నారట. ముగ్గురు లక్ష్ములు మా బిడ్డకు టీ ఇచ్చి పంపారు.