ఫోనులోని ఫొటో కూడా అమానతే



ఫోనులో మన పేరు ప్రక్కన పెట్టుకొనే ఫొటో గురించి రెండు మాటలు మనవి చేయదలచాము. విషయం చిన్నదే అనిపించవచ్చు. కాని 2021 జూలైలోను, మళ్ళీ 2022 జనవరి 1వ తేదీనాడు, మన దేశంలో ఎంతోమంది ముస్లిం స్త్రీల ఫొటోలు వారికి తెలియకుండా తీసుకొని, వేలానికి పెట్టినట్లు చూపే యాప్‌లు బయటపడ్డాయి. అమ్మకం ఏమీ లేదు. అవమానించడమే వారి ఉద్దేశ్యం. ఆ స్త్రీలలో పలువురు ఊరుకోలేదు. పోలీసులకు ఫిర్యాదు చేశారు, అరెస్టులూ జరిగాయి.

ఇలాంటి వార్త వినగానే కొందరు ఆడపిల్ల చేతిలోని ఫోను లాగేసుకొంటారు. ఇది న్యాయం కాదు. దొంగను వదిలేసి, సొమ్ము పోయినవాళ్ళను దండించినట్లవుతుంది. ఫొటో ఉంచాలా, తీసెయ్యాలా అన్నది పిల్లతో కూర్చొని మాట్లాడి, ఆమె ఇష్టప్రకారం చెయ్యాలి.

వాట్సాప్‌లో పని తేలిక. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మన ఫొటో మీద నొక్కితే మార్చుకోవచ్చు, తీసెయ్యనూవచ్చు. తీసెయ్యడం ఇష్టం లేకపోతే, ప్రైవసీలో ‘ప్రొఫైల్ ఫొటో’ దగ్గర ‘మై కాంటాక్ట్స్’ అని పెట్టుకొంటే, మనం నంబరు దాచుకొన్నవారికే కనబడుతుంది.

ఫేస్‌బుక్ పద్ధతి వేరు. కొత్త ఫొటో పెట్టగానే పాతది పోయిందనుకొంటాం. పోదు. ప్రొఫైల్ ఫొటోల ఆల్బంలో అలాగే ఉంటుంది. దానిని తెరిచి విడిగా డిలీట్ చెయ్యాలి. ఇప్పుడున్న ఫొటో మాత్రం అక్కడ అందరికీ కనబడేదే. కనుక ముఖం చూపడం ఇష్టం లేనివారు ఒక పువ్వో, అందంగా వ్రాసిన పేరో పెట్టుకోవచ్చు. ఒక్క మాట గుర్తుంచుకోవాలి. మనం తీసేసినా, అంతకుముందే ఎవరైనా దాచుకొన్న కాపీ వాళ్ళ దగ్గర ఉండిపోతుంది.

మగవారి ఫొటోలకూ ముప్పు ఉంది. దుబాయిలో ఉన్న మేనల్లుడి ఫొటో పెట్టుకొని, క్రొత్త నంబరు నుంచి “మామూ, అర్జంటుగా డబ్బు పంపించండి” అని అడిగే మోసగాళ్ళున్నారు. ముందు పాత నంబరుకు ఫోన్ చేసి అతని గొంతు వినండి. డబ్బు పోతే ఆలస్యం చెయ్యక 1930కి ఫోన్ చెయ్యండి. ఆ మెసేజీలు చెరిపెయ్యకండి, అవే సాక్ష్యం. ఇంకొకరి వేషంతో ఇలా మోసం చేసేవారికి ఐ.టి. చట్టం 66-డి సెక్షను క్రింద మూడేండ్ల వరకు జైలుశిక్ష ఉంది.

చివరిగా యువకులకు ఒక మాట. వలీమా విందులో తీసిన ఇతరుల ఇంటి ఆడవాళ్ళ ఫొటోలు మన ఫోనులో ఉంటే అవి మన సొత్తు కావు, అమానత్. అడగకుండా ఎవరికీ పంపరాదు. తీసెయ్యమని వారు కోరితే కారణం అడగకుండా తీసెయ్యాలి. బడిలో మగపిల్లలకు మేము ముందుగా చెప్పేది ఇదే. ఇళ్ళలో తల్లిదండ్రులు కూడా చెబితే బాగుంటుంది.

అందరి ఇజ్జత్‌ను అల్లాహ్ కాపాడుగాక! ఖుదా హాఫిజ్.