లోతు సముద్రం నేర్పిన పాఠం

(ఎల్.బి.నగర్‌లో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సముద్రంలో చమురు, గ్యాసు ఎలా తీస్తారో చెప్పమని కార్యదర్శిగారు కోరారు. ఆ పనిలో నేను 38 ఏళ్లు గడిపాను. 1978లో ట్రైనీ ఇంజనీరుగా బొంబాయి హైలో చేరాను. 1974లో మన దేశానికి సముద్రంలో పెద్ద చమురు నిక్షేపం దొరికిన చోటు అది. అక్కడ నీటి లోతు 70, 80 మీటర్లే. ఇనుప కాళ్ల మీద నిలబెట్టిన ప్లాట్‌ఫారం మీద పని చేసేవాళ్లం.

లోతు సముద్రం సంగతి వేరు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ నుంచి చైతన్యపురి స్టేషన్ దాకా సుమారు ఒక కిలోమీటరు. ఆ దూరాన్ని నిలువుగా నీళ్లలోకి దించండి. బావి అక్కడుంటుంది. వెలుతురు లేదు. బాగా చలి. చదరపు సెంటీమీటరుకు సుమారు 100 కిలోల ఒత్తిడి. మనిషి దిగలేడు. ఓడలో కూర్చుని, తెర మీద చూస్తూ, కేబులు చివరనున్న యంత్రం చేత మరలు బిగించాలి. కాకినాడకు ఎదురుగా కె.జి.-డి6లో 2009 ఏప్రిల్‌లో గ్యాసు అలాగే పైకి వచ్చింది. దాని పక్క బ్లాకులో ఓ.ఎన్.జి.సి. 2024 జనవరిలో చమురు తీయడం మొదలుపెట్టింది.

గ్యాసు అదుపు తప్పితే ఏమవుతుందో కోనసీమవారికి నేను చెప్పనక్కరలేదు. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది.

ఇక నా సొంత సంగతి ఒకటి మనవి చేస్తాను. విదేశంలో ఒక కంపెనీలో పెద్ద హోదాలో ఉన్న రోజులవి. మరమ్మతు కోసం ఆపిన గ్యాసు లైను మళ్లీ తెరవాలి. ఆ చలిలో, ఆ ఒత్తిడిలో గ్యాసు, నీరు కలిస్తే మంచులాంటి గడ్డ కడుతుంది. అందుకని ముందుగా లైనులోకి రసాయనం ఎక్కించాలి. నా కింద పనిచేసే మన తెలుగు కుర్రవాడు వచ్చి, "సార్, రసాయనం పూర్తిగా ఎక్కలేదు. ఇంకో 6 గంటలు ఆగుదాం" అన్నాడు. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి. "నాకు నేర్పుతున్నావా?" అని కసిరి, తెరవమన్నాను.

లైను పూడుకుపోయింది. గడ్డకు ఒక పక్కనే ఒత్తిడి తగ్గిస్తే అది తూటాలా దూసుకెళ్తుంది. కనుక రెండు పక్కలా కొంచెం కొంచెంగా తగ్గించాలి. 19 రోజులు పట్టింది. దైవకృప వల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

అసలు తప్పు ఆ తరువాత చేశాను. నివేదికలో పరికరం లోపమని రాసి సంతకం పెట్టాను. కుర్రవాడు హెచ్చరించిన మాట అందులో లేదు. నాకు ప్రమోషన్ వచ్చింది. అతను ఏడాది తిరక్కుండా ఉద్యోగం మానేశాడు.

2016లో రిటైరయ్యాను. గత ఏడాది అతని నంబరు సంపాదించి ఫోన్ చేసి క్షమించమన్నాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీరు తిట్టినందుకు బాధపడలేదు సార్. కాగితం మీద నా మాట లేకుండా చేశారు, అదే బాధ" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

మీలో విద్యుత్ శాఖలో పనిచేసినవారున్నారు. లైన్ క్లియర్ ఇవ్వకుండా స్తంభం ఎక్కమంటే చిన్న లైన్‌మన్ అయినా "ఎక్కను" అనాలి, అనేవాడు కూడా. ఆ మాటను మన్నించే అధికారి ఉంటేనే అతను సాయంత్రానికి ఇల్లు చేరతాడు. మన పిల్లలు ఈరోజు అధికారులయ్యారు. కింది ఉద్యోగి "ఆగండి" అంటే ఆగమని, ఆ మాటను అతని పేరుతో సహా రాయమని వారికి చెప్పండి. నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఇదే.