మానిటరు పడుకోనంటే ఏం చేయాలి?
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నాకిచ్చిన పదిహేను నిమిషాలలో అంతా చెప్పడం కుదరదు. అందుచేత మన సభ్యులు తరచు అడుగుతున్న ఒక్క సమస్యనే తీసుకుంటాను. కంప్యూటరు వదిలేసి లేచిన కాసేపటికి మానిటరు ఆరిపోవాలి గదా, ఆరడం లేదు. తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటున్నది.

ఈ ఫిర్యాదు ఈమధ్య ఎక్కువ కావడానికి కారణం ఉన్నది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసింది. మన ఇళ్ళలోని పాత యంత్రాలు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. సెలవులకు వచ్చిన పిల్లలు "పారేయడం ఎందుకు నాన్నా" అని లైనక్స్ వేసి వెళ్ళారు. మంచి పనే చేశారు. పైసా ఖర్చు లేదు, పాత యంత్రం మీద హాయిగా నడుస్తుంది. కాని పిల్లలు ఊరెళ్ళాక మానిటరుతో వేగవలసింది మనమే.

చాలా ఇళ్ళలో కంప్యూటరు పడకగదిలోనే ఉంటుంది. ఆ వెలుగుకు ఇంటావిడకు నిద్ర లేదని ఒక సభ్యుడు షాపుకు వెళితే, మానిటరు పోయింది, కొత్తది కొనమన్నారట. పెన్షను డబ్బుతో కొనబోతుండగా నాకు ఫోను చేశారు. మానిటరుకు ఏ జబ్బూ లేదు. ఎలా తెలిసిందో చెబుతాను.

మానిటరు తనంతట తాను ఆలోచించదు. 1993లో వెసా అనే ప్రమాణాల సంస్థ డి.పి.ఎం.ఎస్. అనే పద్ధతి పెట్టింది. లావుపాటి గాజు మానిటర్ల కాలమది. అడ్డ గీతలకు ఒకటి, నిలువు కదలికకు ఒకటి, రెండు సంకేతాలు కంప్యూటరు నుంచి వస్తాయి. రెండూ ఆగితే మానిటరు ఆరిపోవాలి. ఇప్పటి తీగెలు వేరైనా సూత్రం అదే. సంకేతం ఆగితే పడుకోవాలి. కాబట్టి ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: కంప్యూటరు సంకేతం ఆపడం లేదా, ఆపినా మానిటరు పడుకోవడం లేదా?

దీనికి చిన్న పరీక్ష ఉన్నది. టెర్మినల్ అనే నల్ల కిటికీ తెరిచి, ఇంగ్లీషు చిన్న అక్షరాలతో "స్లీప్ 2; ఎక్స్‌సెట్ డిపిఎంఎస్ ఫోర్స్ ఆఫ్" అని, 2 తరువాత సెమికోలన్ పెట్టి, మాటకూ మాటకూ ఖాళీ వదిలి కొట్టి, ఎంటర్ నొక్కి చేతులు తీసేయండి. ఆ "స్లీప్ 2" దేనికంటే, ఎంటర్ మీది నుంచి వేలు తీయడమే మానిటరును లేపేస్తుంది. అందుకు రెండు సెకన్ల వ్యవధి. (వేలాండ్ అనే కొత్త పద్ధతి మీద నడిచే లైనక్స్‌లలో ఈ ఆదేశం పనిచేయదు. మన పిల్లలు ఎక్కువగా వేసే మింట్ సినమన్ మామూలుగా పాత పద్ధతే.)

తెర చీకటై, మానిటరు దీపం రంగు మారి అలాగే ఉండిపోయిందా? అయితే మానిటరూ తీగే బాగున్నట్టు. లోపం గడువులో ఉన్నది. సెట్టింగులలో పవర్ మేనేజ్‌మెంట్ తెరిచి "ఎప్పుడూ వద్దు" అని ఉంటే పది నిమిషాలు పెట్టండి. బ్రౌజరులో భక్తి పాటల వీడియో నడుస్తూ ఉంటే ఎన్ని నిమిషాలు పెట్టినా ఆరదు. మనిషి చూస్తున్నాడనే అది అనుకుంటుంది.

చీకటై, కొన్ని సెకన్లకే మళ్ళీ వెలిగిందా? మౌసు ఊడదీసి మళ్ళీ పరీక్ష చేయండి. గాజు బల్ల మీద కొన్ని మౌసులు ఎవరూ ముట్టకుండానే కదిలినట్టు చెబుతాయి. కింద ఒక అట్ట వేస్తే సరి. అదీ కాకపోతే మానిటరు బొత్తాల మెనూలోకి వెళ్ళండి. ఆటో ఇన్‌పుట్ అనో ఆటో సోర్స్ అనో ఉంటుంది. సంకేతం ఆగగానే ఇంకెక్కడైనా వస్తుందేమోనని మానిటరు తన సాకెట్లన్నీ వెదుకుతుంది. డిస్‌ప్లేపోర్ట్ తీగె అయితే, ఆ వెదుకులాటను ఎవరో తీగె పీకి మళ్ళీ పెట్టినట్టుగా కంప్యూటరు భావించి తెరను లేపుతుంది. ఇద్దరూ ఒకరినొకరు లేపుకుంటూ తెల్లవారుతుంది! ఆటో తీసేసి, తీగె ఉన్న సాకెట్టునే ఎంచుకోవాలి. షాపు వారు కొనమన్న మానిటరు సంగతి ఇదే.

తెర నల్లబడ్డా వెనుక బూడిదరంగు వెలుగు ఉంటే, సంకేతం ఆగలేదని అర్థం. తెరమీద నల్లబొమ్మ వేసినంత మాత్రాన దీపం ఆరదు. మధ్యలో వి.జి.ఎ. మార్పిడి ముక్క ఉంటే దానిని అనుమానించండి. మానిటరు బదులు టీవీ వాడే వారికి ఒక మాట: చాలా టీవీలు "నో సిగ్నల్" అని చూపి వెలుగుతూనే ఉంటాయి. వాటికి రిమోటే మందు.

కరెంటు లెక్క కూడా చెబుతాను. 20 వాట్ల మానిటరు రాత్రి పది గంటలు వెలిగితే నెలకు 6 యూనిట్లు. పడుకున్న మానిటరు అర వాటుకు మించి తినకూడదని యూరపులో 2013 నుంచి నిబంధన. బిల్లులో ఇది పెద్ద మొత్తం కాదు. పైన చెప్పిన నిద్ర సంగతే నాకు పెద్దదిగా తోస్తుంది.

ఇంకొకటి. తెర ఆరడం వేరు, తాళం పడడం వేరు. బ్యాంకు పేజీ తెరిచి ఉంచి లేస్తే, ఎవరు మౌసు కదిపినా అదే పేజీ కనిపించవచ్చు. స్క్రీన్ లాక్ అనేది విడిగా పెట్టుకోవాలి. ఇవాళే ఇంటికి వెళ్ళి చూడండి. సందేహాలుంటే భోజనాల దగ్గర అడగండి, కాగితం మీద ఆ ఆదేశం రాసి ఇస్తాను.