రాయి, తారు, నీరు

నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతములలో రాతికి కొదువ లేదు. ఎటు చూచినను గులాబి, బూడిద రంగుల గ్రానైటు గుట్టలే. ఆ రాతిని కంకరగా పగులగొట్టి, వేడి తారుతో కలిపి రోడ్లపై పరచుచున్నారు. వేసవిలో వేసిన రోడ్డు అద్దమువలె మెరయును. నాలుగు వానలు పడునప్పటికి కొన్నిచోట్ల కంకర నల్లని తొడుగు విడిచి బయటపడును. పని చేయించినవారు మోసగించిరని మనమందుము. ఒక్కొక్కప్పుడు అది నిజమే కావచ్చును. కాని తప్పు కొంత రాతిది కూడ.

గ్రానైటులో సిలికా హెచ్చు. అట్టి రాతికి తారుకంటె నీటిపై మక్కువ ఎక్కువ. సందు దొరికినచో నీరు తారుపొర క్రిందికి దూరి దానిని ఊడదీయును. (మనము తారనుచున్నది నేడు బొగ్గునుండి వచ్చునది కాదు, పెట్రోలియమును శుద్ధిచేయగా మిగులు బిట్యుమెన్. పేరు మాత్రము పాతదే.)

దీనికి విరుగుడుగా ఎమైను జాతి రసాయనములను బిట్యుమెన్‌లో కొద్దిపాటిగా కలుపుదురు. దాని అణువు ఒక కొసతో రాతిని పట్టును. రెండవ కొస తారులో కలిసియుండును. అయితే ఒక రాతికి కుదిరిన మందు వేరొక రాతికి కుదురునన్న నమ్మకము లేదు. ప్రయోగశాల అవసరము ఇక్కడనే కలుగుచున్నది.

1971 నాటి భారత ప్రమాణము చెప్పు పరీక్ష చాల సులభమైనది. శుభ్రమైన పొడి కంకర 200 గ్రాములు వేడిచేసి, నూటికి 5 పాళ్లు వేడి బిట్యుమెన్ పట్టింతురు. చల్లారిన పిమ్మట గాజుపాత్రలో నీట ముంచి, 40 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనమున 24 గంటలుంచి, ఎంత పొర ఊడినదో కంటితో అంచనా వేయుదురు. నూటికి 95 పాళ్లు నిలువవలెను. కంటి అంచనా గనుక ఇద్దరి లెక్క ఒకటి కాకపోవచ్చును. అందుచే పెద్ద రోడ్లకు మిశ్రమమును దిమ్మెలుగా చేసి, నీట నానిన దిమ్మె చీలుటకు పట్టు బలమును పొడిదానితో పోల్చి చూతురు. నూటికి 80 పాళ్లైనను ఉండవలెను.

ఇంకొక చిక్కు కలదు. కొన్ని ఎమైనులు కాగుచున్న బిట్యుమెన్‌లో దీర్ఘకాలమున్నచో చేవ కోల్పోవును. కావున సీసాలోని మందును పరీక్షించిన చాలదు. పని జరుగుచోట వాడుచున్న బిట్యుమెన్‌నుండియే నమూనా తీయవలెను.

ఈ సందర్భమున సున్నమును మరువరాదని నా అభిప్రాయము. కృష్ణ ఒడ్డున వాడపల్లి వైపు నల్లగొండలోనే సున్నపురాయి ఉన్నది. నీట విరిసిన సున్నపు పొడిని కంకరకు నూటికి ఒకటి రెండు పాళ్లు పట్టించినచో, అది బిట్యుమెన్‌లోని ఆమ్లములతో కలిసి నీట కరగని పదార్థములగును. దుమ్ము, శ్రమ ఎక్కువన్నది నిజమే. డబ్బానుండి ద్రవము పోయుట సులభము.

పల్లెలకు పోవు రోడ్లపై తారుపొర మందము పలుచోట్ల 20 మిల్లీమీటర్లే. అది ఊడినచోట గుంత పడును. గుంతలో నిలిచిన నీరు ప్రక్కనున్న పొరను కూడ తినును. నెలలు నిండిన స్త్రీని ఆసుపత్రికి చేర్చు బండి ఆ దారినే పోవలెను. అక్కడ వాడు కంకరను, తారును, మందును కలిపి ఒక పగలు, ఒక రాత్రి నీట నుంచి చూచిరా అని పని మొదలిడుటకు ముందే గ్రామస్థులు ఇంజనీరుగారిని అడుగవచ్చును.